ఫ్యాను తిరగని గది

ఆర్కిటెక్చర్ మూడో ఏడు పరీక్షలు అయిపోయిన వారంలోనే నా స్నేహితురాలు నన్ను మల్యాల దగ్గరికి లాక్కుపోయింది. ఆమెది రుద్రంగి పక్కన ఒక పల్లె, నాది సిరిసిల్ల. హైదరాబాద్‌లో ఇద్దరం ఒకే హాస్టల్ గదిలో ఉండేవాళ్లం. కొండగట్టు కనిపించేంత దూరంలో, ఒక మామిడి తోటలో, మట్టితో ఇళ్లు కట్టడం నేర్పే మేడమ్ ఒకరున్నారని ఆమె ఎక్కడో విన్నది. నిజం చెప్పాలంటే నాకు మట్టి మీద ప్రేమేమీ లేదు. ఇంటికి పోతే మా నాన్న సాంచాల చప్పుడు. మాకు నాలుగు మరమగ్గాలున్నాయి, అవి మా పడకగది గోడకు ఆనుకునే ఆడతాయి. దానికన్నా మామిడి చెట్ల నీడ నయం అనుకుని వెంట పోయాను.

మేడమ్‌కు యాభై దాటి ఉంటాయి. చీర కొంగు నడుముకు దోపుకొని, ఎప్పుడూ సోంపు నములుతూ ఉండేవారు. మొదటి రోజు ఆమె మాకు బోర్డు మీద ఏమీ గీయలేదు. తలా ఒక ఖాళీ సీసా చేతికిచ్చి, తోట చుట్టుపక్కల ఎక్కడి నుంచైనా మట్టి తెమ్మన్నారు. సీసాలో సగం మట్టి, సగం నీళ్లు పోసి బాగా కలబెట్టి గట్టు మీద పెట్టించారు. తెల్లారేసరికి ఇసుక అడుగున, సన్నటి ఒండ్రు దాని పైన, జిగురుమట్టి అన్నిటికన్నా పైన పొరలు పొరలుగా పేరుకున్నాయి. చెరువు గట్టు నుంచి నేను తెచ్చిన మట్టిలో దాదాపు అంతా జిగురే.

"దీంతో గోడ కడితే ఏమవుతుంది?" అని అడిగారు మేడమ్.

"గట్టిగా ఉంటుంది మేడమ్."

"ఎండాక చూడు," అని నవ్వారు. ఆ మట్టితో నేను చేసిన ఇటుక మూడో నాటికి ఎండాకాలపు మడిలా నెర్రెలు విచ్చింది.

ఆ తర్వాత లడ్డూ పరీక్ష. తడిమట్టిని లడ్డూలా చుట్టి, నడుమెత్తు నుంచి వదిలేయాలి. పొడిపొడిగా పగిలిపోతే జిగురు చాలదు. చదునుగా నేలకు అతుక్కుపోతే జిగురో నీళ్లో ఎక్కువ. ఇంకో పరీక్ష నోటితో. చిటికెడు మట్టి పళ్ల మధ్య వేసుకుంటే ఇసుక కరకరలాడాలి. నా స్నేహితురాలు మొహం చిట్లించకుండా నమిలి, "ఉప్పు తక్కువైంది మేడమ్" అంది. ఆ వారమంతా మేడమ్ ఆమెను ఉప్పు అనే పిలిచారు.

మట్టి తొక్కడం మొదలుపెట్టిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎర్రమట్టి, ఇసుక, వరిగడ్డి కలిపిన గుంటలోకి అందరం చేతులు పట్టుకొని దిగాం. మొదట కాళ్లు జారాయి. కాసేపటికి గడ్డి మట్టిలో కలిసిపోయి, మట్టి కాలిని పట్టుకొని వదలనంత గట్టిపడింది. మూడేళ్లుగా నేను థర్మాకోల్ ముక్కలు కోసి, వాటినే గోడలని చెప్పి మార్కులు తెచ్చుకున్నాను. గోడకు బరువుంటుందని, దాన్ని మోస్తే భుజం నొప్పి పుడుతుందని అప్పుడే తెలిసింది. ఆ నొప్పి నాకు నచ్చింది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మేడమ్ కట్టుకున్న మట్టి గదిలో పడుకునేవాళ్లం. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే లోపల దుప్పటి వెతుక్కునేంత చల్లగా ఉండేది. మూరెడు మందం గోడ పగటి వేడిని మెల్లగా తాగుతుందని, అది లోపలికి చేరేలోపే పొద్దు గూకుతుందని మేడమ్ చెప్పారు.

ఇంటికి పోగానే మా అమ్మ నా పగిలిన మడమలు చూసి కొబ్బరినూనె తెచ్చింది. మా నాన్న సాంచ ఆపకుండానే అరిచాడు.

"మట్టి తొక్కుడు నేర్చుకోనీకి మల్యాల దాక పోవాల్నా బిడ్డా? ఈడ తొక్కితె నేనొద్దంటినా?"

ఆ ఎండాకాలంలోనే మా మేనత్తను చూడ్డానికి వెళ్లాను. ఆమెది మేడిపల్లి పక్కన ఒక ఊరు. కోరుట్లలో బస్సు దిగి ఆటో ఎక్కాలి. మా అత్త పెళ్లయినప్పటి నుంచి బీడీలు చేస్తుంది. ఊళ్లోని ఆడవాళ్లంతా ఒక్కచోట కూర్చుని చేసుకోవడానికి వాళ్ల మహిళా సంఘం స్థలంలో ఒక రేకుల షెడ్డు ఉంది. ఒళ్లో చాటలు, చాటల్లో కత్తిరించిన తునికాకు, పక్కన తంబాకు. అందరూ కాళ్లు చాపుకొని, చెమటలు కక్కుతూ, ఒకరి మీద ఒకరు జోకులేసుకుంటూ పని చేస్తున్నారు. పైన ఫ్యాను ఉంది. అది తిరగడం లేదు.

"కరెంటు లేదా అత్తా?"

"కరెంటుంది గని, ఫ్యానేస్తె తంబాకు లేసి కండ్లల్ల వడ్తది. ఆకు గూడ ఎండుతది. ఎండిన ఆకు మలుపుతుంటెనే పటుక్కున ఇరుగుతది బిడ్డా. ఇగ బీడీ ఏం చేస్తం?"

రేకుల నుంచి దిగే సెగ నా తలకు తగులుతోంది. గాలి ఆడకూడదు, చల్లగా ఉండాలి. మేడమ్ గది కళ్ల ముందుకొచ్చింది. అక్కడికక్కడే చెప్పేశాను, ఇక్కడ ఒక మట్టి గది కడితే ఎలా ఉంటుందో.

మా అత్త చాట పక్కన పెట్టింది.

"మట్టిదా?"

"మట్టిదే అత్తా. కాని మంచిగ..."

"ఏం మంచిగ? మట్టింట్లకెల్లి బయటవడనీకి మేము ఎన్ని తిప్పలు వడ్డమో నీకెర్కనా? పెండ్లయి అచ్చిన కొత్తల, వానకాలమంత గోడ దిక్కే సూసుకుంట కూసుండేదాన్ని, ఎప్పుడు మీద వడ్తదో అని. అందరు స్లాబులేసుకుంటున్నరు, నువ్వు గింత సదువు సదివి మాకు మట్టిది కడ్తవా?"

పక్కనున్న ఒక ఆమె, "పిల్లకు ఎండ దెబ్బ తగిలినట్టున్నది, జర సల్ల తాపరాదు" అంది. అందరూ నవ్వారు. నాకు నిజంగానే చల్ల ఇచ్చారు.

వాదించి లాభం లేదనిపించింది. పోయే ముందు మాత్రం ఒక మాట అడిగాను. కొండగట్టుకు పోదామా, దర్శనం అయ్యాక దగ్గర్లో ఒక గది చూపిస్తాను, నచ్చకపోతే ఇంకెప్పుడూ మట్టి ఊసెత్తను అన్నాను. కొండగట్టు అనేసరికి అత్తతో పాటు ఇంకో ఇద్దరు తయారయ్యారు. అంజన్న దర్శనం చేసుకొని, పులిహోర తిని, మిట్ట మధ్యాహ్నం మేడమ్ తోటకు చేరాం. మా అత్త ఆ గదిలోకి అడుగుపెట్టి గోడను గోటితో గీకి చూసింది. పైకప్పులోకి చూసింది. ఫ్యాను కోసం వెతికింది. లేదు. "జర కూసుంట" అని గోడకు ఆనుకుని కూర్చుంది. మేడమ్ మాకు ఇంకా నీళ్లు తెచ్చివ్వలేదు, మా అత్త గురక వినిపించింది.

పొద్దు వాలాక లేచి, సిగ్గుపడుతూ వెంట్రుకలు సర్దుకుంది. బస్సులో నా పక్కనే కూర్చుంది. జగిత్యాల దగ్గరకొచ్చాక నా వైపు తిరిగింది.

"కింద రాయి కట్టాలె. మోకాలెత్తన్న. పైన గూనపెంక ఎయ్యాలె, కురువద్దు. గోడలు తెల్లగ ఉండాలె. తెల్లగ లేకుంటె నేను అండ్ల కూసుండ."

"సరే అత్తా" అన్నాను. తెల్లగా అన్న మాట అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు.

నాలుగో ఏడులో మాకు ఏదైనా ఒకటి నిజంగా కట్టి చూపించే అవకాశం ఉండేది. నేను ఈ గది సంగతి చెప్పాను. మా సార్ ఒప్పుకున్నారు. పది పన్నెండు మందిమి చేరాం. లీడర్ ఎవరని సార్ అడిగితే అందరూ నా వైపు చూశారు. నాకు అంత తెలివుందని కాదు, అత్త నాది కాబట్టి.

వానలు వెనక్కి తగ్గాక పునాది, మోకాలెత్తు రాతికట్టు ఊరి మేస్త్రి చేత కట్టించి ఉంచాం. చలికాలం సెలవుల్లో, డెబ్బై కిలోల గడ్డికట్ట మోసుకున్నట్టు బ్యాగులు మోసుకుంటూ, కోరుట్ల బస్టాండులో దిగాం. అబ్బాయిలకు సంఘం వాళ్ల పాత గది, అమ్మాయిలకు మా అత్త ఇల్లు. నేను అత్తా అని పిలుస్తుంటే విని అందరూ అత్తా అనడం మొదలుపెట్టారు. పక్కింటామె నవ్వు ఆపుకోలేకపోయింది.

"నీకు బిడ్డ లేదు గని, అల్లుండ్లు మాత్రం మస్తుమంది అచ్చిండ్రు గదనే!"

"అందరిదీ ఒక్కటే తిండి, ఏడ సావను" అని మా అత్త గర్వంగా తిట్టుకునేది. పొద్దున్నే పెద్ద గిన్నెలో మక్క గట్క, అంటే మొక్కజొన్న రవ్వ సంకటి. మొదటి రోజు దాన్ని గంటెతో తీసి గోడకు పూయొచ్చేమో అన్నవాళ్లే, వారం తిరిగేసరికి రెండోసారి అడగసాగారు.

అచ్చులు, ఇటుకలు లేకుండా, మట్టిముద్ద మీద మట్టిముద్ద పేర్చి చేత్తో అదుముతూ గోడ లేపడం మా పద్ధతి. ఒక రోజుకు ఒక వరసే. అది కాస్త ఆరితేనే దాని మీద ఇంకోటి. తొందరపడితే గోడ పొట్ట ఉబ్బుతుంది. ఈ సంగతి నాకు తెలుసు. అయినా నాకు ఆత్రం. సెలవులు అయిపోతాయన్న భయం. కోరుట్లలో ఒక విజిల్ కొనుక్కొచ్చాను. ఊదితే తొక్కేవాళ్లు గట్టెక్కాలి, మోసేవాళ్లు గుంటలోకి దిగాలి. మళ్లీ ఊదితే నీళ్లు. ఊరి పిల్లలకు అది పండుగ. మా టీముకు మాత్రం ఒంటికి కారం రాసినట్టుండేది. ఎవరి ముద్ద వంకరగా పెట్టినా నేనే తీసి మళ్లీ పెట్టేదాన్ని. నీళ్ల ట్యాంకరు వాడితో నేనే మాట్లాడాలి, గడ్డి నేనే తేవాలి, గోడ నిలువు చూసే ఒలంబం నేనే పట్టాలి.

ఒక పొద్దున పనికి వచ్చి చూస్తే గుంటలో బర్రె నిలబడి ఉంది. మేము నానబెట్టిన గడ్డి సగం తినేసి, తీరిగ్గా అటూ ఇటూ తిరుగుతోంది. నేను విజిల్ ఊదాను. అది కదల్లేదు. నా స్నేహితురాలు గుంటలో చెయ్యి పెట్టి మట్టి తీసి చూసి, "మనకన్న మంచిగ తొక్కింది. దీన్ని గూడ టీముల ఏసుకుందాం. నీ విజిల్‌కు గూడ భయపడ్తలేదు" అంది. అందరూ పొట్ట పట్టుకొని నవ్వారు. నాకు మాత్రం ఆ చివరి మాట గుచ్చుకుంది.

అలా తిరిగి తిరిగి ఒకరోజు నాకు జ్వరం వచ్చింది. మా అత్త నన్ను మంచం దిగనివ్వలేదు. తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చుని బీడీలు చేస్తూ కాపలా కాసింది. మంచంలో నుంచి నేను చెవులు రిక్కించి వింటూనే ఉన్నాను. ఎవరో పాట పెట్టారు. నవ్వులు వినిపించాయి. పని జరగడం లేదేమో అని నా ప్రాణం కొట్టుకుంది. మర్నాడు దుప్పటి కప్పుకుని వెళ్లి చూశాను. నాలుగు గోడల మీదా వరస పూర్తిగా లేచింది, అంతకుముందు ఒక్క రోజులో ఎన్నడూ పూర్తి కాలేదు. ఒలంబం వేసి చూస్తే వెంట్రుక వాసి తేడా లేదు. కొంచెం ఏడుపు కూడా వచ్చింది.

ఏం జరిగిందని నా స్నేహితురాలిని అడిగాను.

"ఏం గాలె. మట్టి సంగతి నేను సూసుకున్న, గోడ సంగతి పొడుగోడు సూసుకున్నడు. ఎవలు అలిసిపోతె వాళ్లు కూసున్నరు. గంతే."

పొడుగోడు అంటే హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగిన మా క్లాసుమేటు. ఊరివాళ్లు పెట్టిన పేరది. మట్టి ఇళ్ల మీద లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ చదివినవాడు. ఆ రోజు నుంచి కలపడం స్నేహితురాలికి, గోడ పొడుగోడికి వదిలేశాను. నేను ట్యాంకరు, తిండి, ఊరివాళ్లతో మాటలు, ఎవరైనా ముభావంగా ఉంటే పక్కన కూర్చోవడం చూసుకున్నాను. టీము నడపడమంటే ఇదేనేమో అనిపించింది. దీనికి విజిల్ అక్కర్లేదు. దాన్ని మా అత్త పక్కింటి పిల్లకు ఇచ్చేసిందట. నేను అడగలేదు.

గోడలు పూర్తయ్యాయి. దూలాలు, వాసాలు వడ్లాయన బిగించాడు. గూనపెంకులు ఊళ్లోనే దొరికాయి. పాత ఇళ్లు విప్పినవాళ్లు పెంకుల్ని పెరళ్లలో గోడకు ఆనించి పేర్చి పెట్టుకున్నారు, ఎందుకైనా పనికొస్తాయని. ఆడవాళ్లంతా గంపల్లో ఎత్తుకొచ్చి ఇచ్చారు. ఏ గంప ఎవరింటిదో చెప్పుకుంటూ అందించారు.

పైపూత దగ్గర చిక్కొచ్చింది. సన్నమట్టి, పేడ, కోసిన గడ్డి కలిపి పూస్తుంటే ఆరగానే జుట్టంత సన్నటి బీటలు పడుతున్నాయి. ఇసుక పెంచి చూశాం, రాలిపోతోంది. ఫోనులో నాన్నకు ఊరికే ఈ గోడు వెళ్లబోసుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం ఆటోలోంచి మా నాన్న దిగాడు. భుజాన ఒక పెద్ద సంచి. నేను ఎన్ని మోడల్స్ చేసినా, ఎన్ని బొమ్మలు గీసినా చూడటానికి ఎన్నడూ రానివాడు.

"సాంచ కాడ రోజూ ఊడ్సిపారేసే నూలు బిడ్డా. పట్టుకొచ్చిన. మట్టిల గలిపి సూడుండ్రి. గడ్డి కన్న సన్నముంటది, పట్టుకుంటదేమో."

పొడుగోడు సంచిలో చెయ్యి పెట్టి దారం తీసి, వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఇది పాలిస్టరా అంకుల్?"

"పత్తే! నా బిడ్డకు పాలిస్టరిస్తనా?"

దారాన్ని వేలెడు ముక్కలుగా కోసి, నానబెట్టి కలిపాం. మా నాన్న ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, తాపీ అడిగి తీసుకొని, ఒక మూల తనే పూశాడు. పూస్తూ పూస్తూ అది ఎలా ఆరుతుందో చూసి పోతానని రాత్రి ఉండిపోయాడు. పొద్దున్నే అందరికన్నా ముందు లేచి గోడ దగ్గర నిలబడ్డాడు. బీటలు లేవు. ఒకటీ అరా ఉన్నా కళ్లు చిట్లించి వెతకాలి. ఆ బస్సు, ఈ బస్సు అంటూ ఇంకో పూట ఉండి మొత్తం ఉత్తరం గోడంతా పూసి పోయాడు. సాంచాలు ఆగిపోయాయని అమ్మ ఫోను మీద ఫోను చేసింది. "మట్టి పని మస్తుగుందే" అని చెప్పాడు మా నాన్న ఆమెతో.

ఇక మిగిలింది రంగు. అసలు గొడవ అక్కడే.

గోడ ఆరాక దాని రంగు బాగా కాగిన పాలపై మీగడలా, కొంచెం ఎరుపు కలిసి, ఎంతో అందంగా ఉంది. సాయంత్రపు ఎండ పడితే కళ్లు తిప్పుకోలేం. పొడుగోడు దాన్ని ఎన్ని ఫొటోలు తీశాడో. అంతలో మా అత్త వచ్చి, సున్నం ఎప్పుడేస్తున్నరు అని అడిగింది.

"సున్నం ఎందుకు అత్తా? ఇట్లనే మస్తు లేదా?" అన్నాడు పొడుగోడు.

"తెల్లగ జేస్తమన్నరు గద" అని మా అత్త నా వైపు చూసింది.

ఆమె వెళ్లిపోయాక టీమంతా గోడ నీడలో కూర్చున్నాం. సగం మంది పొడుగోడి వైపు. ఇంత కష్టపడి కట్టి, పైన సున్నం కొట్టి దాచేయడం ఏమిటని వాళ్ల బాధ. నాకూ లోలోపల ఆ గోడ అలాగే ఉంటే బాగుండుననే ఉంది.

"తెల్లగ చేసినంక ఇది మట్టి గది అని ఎవరికి తెలుస్తది?" అని పొడుగోడు అడిగాడు.

"అండ్ల కూసున్నోళ్లకు తెలుస్తది" అంది నా స్నేహితురాలు. ఆమె ఎప్పుడూ తమాషాకే మాట్లాడేది. ఆ రోజు గొంతు వేరుగా ఉంది. "మా ఇల్లు ఊరి చివర్ల ఉండేది. గోడ సూసే చెప్పేటోళ్లు, ఇది ఎవలిల్లో. మా అమ్మ పొద్దంత కైకిలి పనికి పోయొచ్చి, క్రిస్మస్ ముందర రెండు రోజులు గోడలకు సున్నం ఏసేది. ఆ గోడ కూలేటట్టున్నా ఏసేది. సున్నమేసిన్నాడు మా ఇల్లు గూడ అందరిండ్ల లెక్క కనవడేది. నీకు మట్టి కొత్త. అందుకే ముద్దొస్తున్నది. అత్తోళ్లకు కొత్త గాదు."

మూడేళ్లు ఒకే గదిలో పడుకున్నాం, ఈ మాట ఆమె నాకు ఎన్నడూ చెప్పలేదు. నేను లీడర్ని కాబట్టి ఏదో ఒకటి చెప్పాల్సింది నేనే. తెల్లగానే వేద్దాం అన్నాను. బస్సులో అత్తకు ఇచ్చిన మాట అది. గది వాళ్లది.

మరుసటి పొద్దున పొడుగోడు కనిపించలేదు. బ్యాగు కూడా లేదు. కోరుట్ల పోయే ఆటో ఎక్కాడని చాయ్ హోటలాయన చెప్పాడు. ఫోను చేస్తే ఎత్తలేదు. అలిగి ఇంటికి పోయాడనుకున్నాం. నాకు అన్నం సహించలేదు. నా స్నేహితురాలు మరీ గిలగిలలాడింది, అంత గట్టిగా అనకుండా ఉండాల్సింది అని. సాయంత్రం పొద్దు గూకే వేళకు ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. వెనక కాల్చిన సున్నపురాయి బస్తాల మీద కూర్చుని పొడుగోడు. కొత్తగా కటింగు చేయించుకున్నాడు. బ్యాగు నిండా కుంచెలు.

"డబ్బా సున్నం వద్దు" అన్నాడు దిగుతూనే. "రాయి తెచ్చి మనమే నానబెడదాం. మట్టి ఊపిరి తీసుకోవాలంటే అదే మంచిది. కోరుట్లల నాలుగు దుకాణాలు తిరిగిన. ఫోను చార్జింగ్ అయిపోయింది." తర్వాత నా స్నేహితురాలి వైపు చూడకుండానే, "మీ అమ్మ సున్నంల ఏం కలిపేటిదో ఒకసారి అడుగు" అన్నాడు.

ఆమె అక్కడే ఫోను చేసింది. బంక, కాస్త ఉప్పు అని సమాధానం వచ్చింది. "ఉప్పు మరిచిపోవద్దు" అని నేను అన్నాను. మేడమ్ పెట్టిన పేరు గుర్తొచ్చి మేమిద్దరం మాత్రమే నవ్వుకున్నాం.

సున్నం నానబెట్టడం చూడటానికి ఊరంతా వచ్చింది. పాత డ్రమ్ములో నీళ్లు పోసి ఒక్కో రాయి వేస్తుంటే బుసబుసమని పొంగి, ఆవిరి లేచి, డ్రమ్ము ముట్టుకోలేనంత కాగింది. పిల్లల్ని దూరం జరపడమే ఒక పనైంది. పొడుగోడు కళ్లకు అద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు, పొడుగాటి కట్టె పట్టుకుని, పెళ్లిలో వంటాయన లెక్క కలుపుతూ నిలబడ్డాడు. కొన్నాళ్లు నానాక తీస్తే వెన్నలా ఉంది.

వేసే రోజు బీడీల పని ఆపి ఆడవాళ్లందరూ వచ్చారు. కుంచెలు మా చేతుల్లోంచి వాళ్ల చేతుల్లోకి ఎప్పుడు పోయాయో తెలియదు. లోపలి గోడలకు సున్నంలో చిటికెడు నీలిమందు కలపమన్నారు. బయట కింది అంచుకు జాజు, దాని మీద తెల్ల చుక్కలు. ఎర్రమట్టి రంగే కదా జాజు. పొడుగోడు ఆ అంచు చూసి కొంచెం తేరుకున్నాడు. చివరికి మొహమాటంగా మా అత్త దగ్గరికి పోయాడు.

"అత్తా, ఒక్క అరచెయ్యంత జాగా ఏమీ పుయ్యకుండ ఉంచనా? లోపల మట్టి కనిపించేటట్టు."

మా అత్త అందరి వైపు చూసింది. "ఉండనియ్యుండ్రే. పిలగాడు గంత ముద్దుగ అడుగుతున్నడు."

తలుపు పక్కన అరచేయంత చోటు మట్టిగానే వదిలారు. చుట్టూ సన్నటి జాజు గీత కూడా గీశారు. మేము హైదరాబాద్ పోయి వారం తిరక్కముందే దాని మీద క్యాలెండరు వేలాడదీశారని మా అత్త ఫోనులో చెప్పింది. మేకు కొట్టడానికి అక్కడైతే మెత్తగా దిగిందట. పొడుగోడికి ఆ సంగతి చెప్పే ధైర్యం నాకు చాలా రోజులు రాలేదు.

ఆ ఎండాకాలం నేను వెళ్లేసరికి గదిలో చాటలు వరసగా ఉన్నాయి. బయట కుక్కలు కూడా నీడ వదలనంత ఎండ. లోపల ఆకు మెత్తగా, మడిస్తే మడిచినట్టు ఉంది. ఫ్యాను పెట్టడానికి కొక్కెం కూడా పెట్టించుకోలేదు వాళ్లు. మార్కుల కోసం వచ్చిన మా సార్, చెప్పులు బయట విప్పి లోపలికొచ్చి, చూడాల్సింది చూసి, ఇంకా చాలాసేపు కూర్చుండిపోయారు. ఆయనకు బీడీలు చుట్టడం నేర్పాలని మా అత్త వాళ్లు పట్టుబట్టారు. ఆయన చేసిన ఒక్క బీడీ కూడా కార్ఖానాకు పనికి రాలేదు.

చదువు అయ్యాక నేను జగిత్యాలలో చిన్న ఆఫీసు తెరిచాను. నా స్నేహితురాలు నాతోనే పని చేస్తుంది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది స్లాబే అడుగుతారు, మేము స్లాబే గీసిస్తాం, కాని కిటికీలు ఎటు పెట్టాలో, గోడ ఎంత మందం ఉండాలో గట్టిగా చెబుతాం. అప్పుడప్పుడు ఎవరో ఒకరు మట్టి గది కావాలని వస్తారు. ఆ రోజు మేమిద్దరం పని మానేసి వాళ్ల పొలానికి పోయి మట్టి నోట్లో వేసుకుంటాం. పొడుగోడు ఇంకో ఊళ్లో పెద్ద కంపెనీలో ఉన్నాడు. సున్నం గురించి ఎవరు ఏమడిగినా అతనికే ఫోను కలుపుతాం.

పోయిన వానకాలం ముసురు పట్టి నాలుగు రోజులు వదల్లేదు. వారం తర్వాత మా అత్త ఫోను చేసి, ముసురులో పడమటి మూల జల్లు కొట్టి గోడ నానిందని చెప్పింది. ఆమె ఇంకేదో చెప్పబోతుంటే వినకుండానే ఫోను పెట్టేశాను. పాత మాటలన్నీ గుర్తొచ్చాయి, గోడ వైపే చూస్తూ కూర్చున్న వానకాలాలు. స్నేహితురాలిని బండి మీద ఎక్కించుకుని, మళ్లీ పట్టిన వానలోనే బయలుదేరాను. దారంతా మనసులో అత్తకు క్షమాపణ చెప్పుకుంటూ పోయాను.

వెళ్లేసరికి ఆ మూల అప్పటికే బాగైపోయింది. ఊడిన పూత గీకి, కొత్త మట్టిలో దారం కలిపి మెత్తి, పైన సున్నం కూడా పట్టించారు. కొంచెం రంగు తేడా తప్ప ఏం తెలియడం లేదు. మా నాన్న పోయినసారి వచ్చినప్పుడు ఒక సంచి నూలు ఇక్కడ పెట్టి పోయాడట, ఎప్పుడైనా అవసరం పడుతుందని.

"మరి నాకెందుకు ఫోన్ చేసినవ్ అత్తా? నేను పరేషానయ్యి ఉరికొచ్చిన."

"గోడకు గాదు బిడ్డా, గోడ మేము సూసుకున్నం" అంది మా అత్త, తడిసిన నా తలకు తువ్వాల ఇస్తూ. "పక్కూరోళ్లు గూడ అచ్చి ఈడనే కూసుంటున్నరు. జాగ సాల్తలేదు. ముందల గిసొంటిదే ఇంకో అర్ర ఎయ్యాలె. నీ పోరగాండ్లు ఎప్పుడస్తరో అడుగుదామని చేసిన."

"వాళ్లంతా ఇప్పుడు ఉద్యోగాల్ల ఉన్నరు అత్తా."

"అయితె ఏంది? కొత్తోళ్లను తీసుకరా. తొక్కుడు మేము నేర్పుతం."

నా స్నేహితురాలు అప్పటికే చెప్పులు విప్పి, గది ముందున్న తడిమట్టిని చేతిలోకి తీసుకుని లడ్డూ చుడుతోంది.